నాలుగో ఆకు

పొద్దుటి ఏడుంపావు బండిలో కిటికీ పక్కన సీటు దొరకడమంటే మాటలు కాదు. అయినా మూడో పెట్టెలో ఆ ఒక్క సీటూ సూదులక్క కోసం ఖాళీగా ఉంటుంది. ఎవరూ రాసివ్వలేదు, ఆమె అడగనూ లేదు. మూడు నెలలుగా అక్కడే కూర్చుని, ఒళ్ళో పాత బిస్కెట్ల డబ్బా పెట్టుకుని, గుండుసూదులంత సన్నటి సూదులతో ఆమె ఏవేవో అల్లుతుంటే చూడ్డం పక్కవాళ్ళకు అలవాటైపోయింది. ఇంటి దగ్గర ఆమెకు వేరే పేరుంది కానీ బండిలో ఆ పేరు ఎవరికీ తెలియదు, తెలియాల్సిన అవసరమూ పడలేదు.

"ఏంటక్కా ఇవాళ? ఎలక్కి మేజోళ్ళా?" అన్నాడు టికెట్లు చూసే బట్టతలాయన. సోమవారం అనేసరికి ఆయనకి ఎక్కడలేని హుషారు వస్తుంది.

"ఎలకలింకా ఆర్డరివ్వలేదయ్యా. ఇస్తే ముందు నీకే చెబుతాగా."

డబ్బా మూత తీసి, పోయినవారం అల్లిన చేతి తొడుగుల జత అరచేతిలో పెట్టి చూపించింది. ఒక్కో వేలు చీపురుపుల్లంత ఉంది. ఆయన కళ్ళజోడు పైకి తోసి మరీ లెక్కపెట్టాడు.

"అయిదు వేళ్ళూ ఉన్నాయే!"

"మరి ఆవిడకి నాలుగే ఉంటాయా?"

ఆవిడంటే బొమ్మ. పట్నంలో మ్యూజియం వాళ్ళు ఒక హాల్లో మనిషెత్తు బొమ్మరిల్లు కట్టించారు. ఒకప్పుడు ఆ పట్నంలో పేరుమోసిన పెద్దిల్లు ఎలా ఉండేదో అచ్చం అలాగే, మెట్లూ అద్దాలూ వంటగదిలో గిన్నెలతో సహా. అందులో జానెడేసి బొమ్మలు. ఇంటాయన, ఇంటావిడ, ముగ్గురు పిల్లలు, వంటగదిలో ఒక పనిమనిషి. బట్టలు ఎవరో దర్జీ కుట్టాడు. ఆ కాలంలో బట్టల మీదకి వేసుకునే చేతి తొడుగులు, అంచులు అల్లిన టోపీలు, తాడు లాగితే మూతి ముడుచుకునే బుల్లి సంచీలు, మోకాళ్ళదాకా మేజోళ్ళు, ఇవన్నీ సూదులక్క వంతు. బొమ్మల్ని బయటికివ్వరు. అక్కడే తొడిగి చూసి, వదులైతే విప్పి, బిగుతైతే మళ్ళీ అల్లాలి. అందుకని రోజూ రెండు గంటలు పోను, రెండు గంటలు రాను. నిజం చెప్పాలంటే ఇంట్లోకన్నా బండిలోనే పని తెమిలేది. బండి ఎంత కుదిపినా ఫరవాలేదు, "ఏమే, నా కళ్ళజోడు ఎక్కడ పెట్టావే?" అని అమ్మలా పది నిమిషాలకోసారి పిలవదు కదా.

ఇక ఒక్కటే మిగిలింది. ఇంటావిడ బొమ్మ భుజాల మీద శాలువా. దానికి అసలుది మ్యూజియంలోనే ఉందట, పెద్దింటి వాళ్ళే ఇచ్చారట. శుభ్రం చేయడానికి పంపారు, బుధవారానికి గానీ రాదు. శుక్రవారం ప్రారంభం. అంతదాకా ఆగితే అయ్యేపని కాదని మ్యూజియం ఆఫీసరమ్మ ఒక ఫొటో ఇచ్చింది. ఊదారంగు శాలువా, అంచు పొడుగునా ఆకులు. పదకొండు ఆకులు, ఒక్కో ఆకు నడిమి ఈనె వెంట అయిదేసి కన్నాలు. కుట్టుదారమంత సన్నటి ఊలు తెచ్చుకుని, సోమవారం ఆ కిటికీ పక్కనే సూదుల మీద మొదటి వరుస వేసింది.

పని వెన్నలా సాగిపోయింది. సాయంత్రం బండి దిగేసరికి మూడు ఆకులయ్యాయి.

మంగళవారం పెద్ద వంతెన దాటుతుండగా ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఏంటక్కా, దారం తెగిందా?" రోజూ పక్కన కూర్చునే నర్సు తలెత్తి చూసింది.

"లేదమ్మా. ఏంటో, మరీ తేలిగ్గా వచ్చేస్తోంది."

"తేలిగ్గా వస్తే సంతోషించక, అలా మొహం పెట్టావేం?"

సూదులక్క సూదులు డబ్బాలో పెట్టేసింది. ఫొటో తీసి కిటికీ వెలుగులో పెట్టింది.

ఆమెది కుడిచెయ్యే. రాసినా తిన్నా కుడిచేత్తోనే. అల్లిక ఒక్కటి మాత్రం పుర్రచేతి వాటం. ఎందుకంటే నేర్పిన అమ్మది పుర్రచెయ్యి. ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పి ఉంటే, అద్దంలో చూసి నేర్చుకున్నట్టు కుడి వాటమే వచ్చేది. అమ్మేమో ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తన చేతులమీద పిల్ల చేతులు పెట్టుకుని నేర్పింది. అలా తల్లి ఎడమ వాటం కూతురి చేతుల్లోకి దిగిపోయింది, ఇక మారలేదు. దాంతో ఏ పుస్తకంలో ఏ డిజైను చూసినా ఆమె తిరగేసి చదువుకోవాల్సిందే. లోకంలో అందరి సూదుల మీదా కుడివైపు వాలే ఆకు, ఆమె తిరగెయ్యకపోతే ఎడమకి వాలుతుంది. యాభై ఏళ్ళుగా ఆమె తిరగెయ్యకుండా అల్లిన డిజైను ఒక్కటీ లేదు.

ఈ శాలువా తిరగెయ్యలేదు. నిన్నట్నుంచీ ఫొటోలో ఎలా ఉంటే అలాగే అల్లుకుపోతోంది. ఇంతకీ ఫొటోలోనే ఆకులు ఎడమకి వాలి ఉన్నాయి. ఇంకెవరైనా అయితే చూడగానే ఇదేంటి, అడ్డదిడ్డంగా ఉందే అనుకునేవారు. ఆమెకి మాత్రం సొంత అల్లికలా కనబడింది కాబట్టి అనుమానమే రాలేదు.

దీన్ని అల్లినవాళ్ళది పుర్రచెయ్యి. పెద్దింట్లో అల్లారు. అమ్మ పెళ్ళికి ముందు పెద్దింట్లో మూడేళ్ళు పనిచేసింది.

ఆ మూడేళ్ళ గురించి అమ్మ ఎప్పుడూ నోరు విప్పి ఒక్క మాట చెప్పింది లేదు. ఎప్పుడైనా పట్నం వెళ్ళి ఆ వీధిలో నడవాల్సొస్తే మాత్రం అవతలి పక్కకి దాటేది. చిన్నప్పుడు సూదులక్క, ఆ ఇంట్లో కుక్క ఉందేమో అనుకునేది.

భూతద్దం తీసి ఆకు ఆకూ మళ్ళీ చూసింది. నాలుగో ఆకులో కన్నాలు అయిదు లేవు. నాలుగే ఉన్నాయి. ఇందాక తను అలవాటుగా అయిదూ వేసేసింది.

ఆ సాయంత్రం బండి దిగేసరికి అమ్మ ఇంట్లో లేదు. పక్కింట్లో టీవీ చూస్తూ కూర్చుంది. ఎనభై నాలుగేళ్ళ మనిషి, అక్కడిదాకా నడిచివెళ్ళడమే ఒక ఘనకార్యం. సూదులక్క వెళ్ళి చెయ్యి పట్టుకుని లేపింది. గుమ్మం దగ్గర అమ్మ ఎప్పటిలాగే ఆగింది. చంకలోంచి గుడ్డసంచీ తీసి, రెండు పిడులూ విడదీసి, పక్కింటావిడ ముందు పెట్టింది.

"చూసుకోమ్మా."

లోపల కళ్ళజోడు పెట్టె, మందుబిళ్ళలు, ఒక జేబురుమాలు. పక్కింటావిడ నవ్వింది. "ఏముంటాయి పెద్దమ్మా చూసుకోడానికి! మా టీవీ అందులో పట్టదులే."

ఎవరింటికి వెళ్ళినా అమ్మ ఇదే వరస. పెళ్ళిళ్ళకి వెళ్ళొచ్చినా, ఆస్పత్రినుంచి వచ్చేసినా, చివరికి కొట్లో ఉప్పు పొట్లం కొని బయటికొస్తున్నా సరే, సంచీ తెరిచి చూపించందే గడప దాటదు. కొందరు ముచ్చటపడేవారు, కొందరు వెనకాల నవ్వుకునేవారు. సూదులక్కకి మాత్రం చిన్నప్పట్నుంచీ తల కొట్టేసినట్టుండేది.

"నీకు ఎన్నిసార్లు చెప్పానమ్మా, అలా చూపించొద్దని?" అంది దారిలో.

"చూపిస్తే నీ సొమ్మేం పోయింది?"

అడగాలనుకున్న మాట ఆ చిరాకులో అడగలేకపోయింది.

బుధవారం శాలువా వచ్చింది. బొమ్మరింటి పక్కనే అద్దాల పెట్టెలో, చెక్క చట్రం మీద రెండు రెక్కలూ పరిచి పెట్టారు. ఫొటోలోకన్నా పాతబడి ఉంది, కానీ ఊలు మేలైంది. సూదులక్క అద్దానికి ముక్కు ఆనించి చూసింది. ఊపిరి అద్దం మీద ఆవిరి కట్టింది, కొంగుతో తుడిచి మళ్ళీ చూసింది. అంచు ముడి వేసిన తీరు, చివర దారాన్ని రెండుసార్లు వెనక్కి తిప్పి దాచిన తీరు, అన్నీ ఒళ్ళో కూర్చుని నేర్చుకున్నవే. మనిషి రాత గుర్తుపట్టినట్టు అల్లికనీ గుర్తుపట్టొచ్చు. ఆమెకి ఇక అనుమానం లేదు.

కింద కార్డు మీద ఇలా ఉంది: "ఇంటి యజమానురాలు స్వయంగా అల్లిన శాలువా. మనవరాలి బహూకరణ."

వెనక గోడకి ఆ యజమానురాలి ఫొటో ఉంది. బల్ల ముందు కూర్చుని ఉత్తరం రాస్తోంది, కలం కుడిచేతిలో ఉంది.

ఆఫీసరమ్మ మంచిది. పొద్దున్నుంచీ ఊపిరి సలపని పనిలో ఉంది, అయినా కుర్చీ లాక్కుని కూర్చుని మొత్తం విన్నది. లేచి వెళ్ళి శాలువా చూసింది, తన బల్ల మీది అల్లిక పుస్తకం తెచ్చి ఆకు పక్కన ఆకు పెట్టి చూసింది. బొమ్మ కోసం అల్లుతున్న బుల్లి శాలువా అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మీరు చెప్పేది నాకు నమ్మకంగానే ఉందండీ," అంది. "కానీ నా నమ్మకంతో కార్డు మార్చలేను. ఇచ్చింది వాళ్ళ మనవరాలు. శుక్రవారం వస్తున్నారు. మీ అమ్మగారిని తీసుకురాగలరా?"

"తీసుకొస్తే?"

"ఆవిడ చూసి, ఇది నేనల్లిందే అని ఆ మనవరాలి ముందు ఒక్క మాట అంటే చాలు. నేను రాసుకుంటాను, కార్డు నా చేత్తోనే మారుస్తాను. మీ అమ్మగారి పేరు పెడతాను."

అమ్మ పేరు! అద్దం కింద, అచ్చు అక్షరాల్లో. అమ్మ పేరు అచ్చులో ఎక్కడైనా ఉందంటే ఆస్పత్రి చీటీ మీదే. సూదులక్క ఆ రోజు సాయంత్రం బండిలో సూదులు పట్టలేదు. డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఊరికే కిటికీలోంచి చూస్తూ, తనలో తను నవ్వుకుంటూ కూర్చుంది.

"ఏంటక్కా, సంబంధం కుదిరిందా?" అన్నాడు బట్టతలాయన.

"అంతకన్నా పెద్దదయ్యా," అంది.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ పీటమీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. కణుపులు వాచిపోయిన వేళ్ళు. సూదులు పట్టక పదేళ్ళవుతోంది, కానీ బఠాణీలు ఇప్పటికీ ఎడమచేతి బొటనవేలితోనే చీలుస్తుంది. సూదులక్క ఎదురుగా కూర్చుని తనూ ఒక గుప్పెడు తీసుకుంది.

"అమ్మా, పెద్దింట్లో ఉన్నప్పుడు శాలువా ఏదైనా అల్లావా?"

"ఎన్ని అల్లానో. ఎవరికి గుర్తు!"

"ఊదారంగుది. అంచున ఆకులు. పదకొండు."

అమ్మ వేలు కాయలోనే ఆగింది. ఒక్క క్షణమే. తర్వాత గింజలు గిన్నెలో పడ్డాయి.

"మ్యూజియంలో పెట్టారమ్మా, అద్దాల పెట్టెలో. అది నీదే. నువ్వు వచ్చి నాదే అని ఒక్క మాట చెబితే నీ పేరు రాస్తారట."

"ఎవరిదైతే ఏంటే ఇప్పుడు? ఆ చలి ఎప్పుడో పోయింది."

"నీదా కాదా?"

అమ్మ తొక్కలన్నీ ఒళ్ళోంచి దులిపింది. ఆ తర్వాత వంగి, కిందపడ్డ గింజలు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది. అన్నీ ఏరాక అంది: "నువ్వు అల్లిన బొమ్మ సామాన్లు చూడాలనుంది. వాటికోసం వస్తాను."

వస్తానందా లేదా! సూదులక్కకి అదే పదివేలు. అక్కడికి వచ్చాక, కళ్ళారా చూశాక, అనకేం చేస్తుంది అనుకుంది.

గురువారం పొద్దున బండిలో ఆమె ఒక వింత పని చేసింది. శాలువా దాదాపు అయిపోవచ్చింది, పదో ఆకు నడుస్తోంది. అలాంటిది, సూదులు లాగేసి, నాలుగో ఆకుదాకా మొత్తం విప్పేసింది.

"అయ్యో అయ్యో!" నర్సు చెయ్యి అడ్డం పెట్టబోయింది. "అంత చక్కగా ఉంటే ఎందుకక్కా విప్పావు?"

"ఒక కన్నం ఎక్కువైంది."

"ఒక్క కన్నానికి ఇంత విప్పుతారా? బొమ్మకేం తెలుస్తుంది?"

"బొమ్మకి తెలీదు."

విప్పిన ఊలు వంకీలు తిరిగి ఉంది. ఫ్లాస్కు మూత తీసి ఆవిరి పట్టి, వేళ్ళతో సాగదీసి, మళ్ళీ మొదలుపెట్టింది. నాలుగో ఆకులో నాలుగే కన్నాలు. అసలుదానిలో ఎక్కడ తప్పిందో సరిగ్గా అక్కడే తప్పించింది. సాయంత్రం దాకా మ్యూజియంలో ఒక మూల కూర్చుని పూర్తిచేసింది. ఇంటావిడ బొమ్మ భుజాల మీద కప్పి, రెండు కొసలూ సర్దింది. పక్కనే వంటగదిలో పనిమనిషి బొమ్మ బోసి చేతులతో నిలబడి ఉంది. ఆర్డరు కాగితంలో అందరి పేర్ల ఎదురుగా తొడుగులు, టోపీ అని రాసి ఉంది. పనిమనిషి ఎదురుగా మాత్రం చిన్న గీత. మూడు నెలలుగా ఆ కాగితం తన సంచీలోనే ఉన్నా సూదులక్క ఆ గీత చూడనే లేదు. చూడాలని తోచలేదు.

శుక్రవారం అమ్మ తెల్లవారకముందే తయారై కూర్చుంది. బీరువా అడుగునుంచి తీసిన చీర, చంకలో గుడ్డసంచీ. బండిలో అందరూ జరిగి చోటిచ్చారు. బట్టతలాయన టికెట్టు చూడకుండానే దణ్ణం పెట్టాడు. "మా అక్కకి నేర్పింది నువ్వేనా అవ్వా? ఎలకలు నీకు రుణపడి ఉంటాయి."

అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. దారంతా కిటికీలోంచి చూస్తూనే ఉంది. వంతెన దాటుతుంటే, "నది ఎంత చిక్కిపోయిందే!" అంది. ఆమె అంత హాయిగా ఉండటం చూసి ఎన్నాళ్ళయిందో.

మ్యూజియంలో పాతిక ముప్ఫైమంది ఉన్నారు. ఆఫీసరమ్మ ఎదురొచ్చి, అమ్మ చెయ్యి పట్టుకుని స్వయంగా లోపలికి తీసుకెళ్ళింది. అమ్మ ముందు బొమ్మరిల్లు చూసింది. ప్రతి గదీ వంగి వంగి చూసింది. మెట్ల దగ్గర ఆగి, "పదహారు ఉండాలి. పద్నాలుగే కట్టారు," అని గొణిగింది. తొడుగులు చూసి, "బొటనవేలు బాగా తిప్పావే," అంది కూతురితో. ఇంటావిడ బొమ్మ దగ్గర మాత్రం చాలాసేపు నిలబడింది.

అప్పుడు ఆఫీసరమ్మ ఆమెని అద్దాల పెట్టె దగ్గరికి తీసుకెళ్ళింది. పక్కనే మనవరాలు. నలభై ఏళ్ళుంటాయి, మొహంలో ఏ గర్వమూ లేదు. విషయం ముందే చెప్పి ఉంచినట్టున్నారు, కాస్త ఇబ్బందిగా నవ్వింది.

"నాయనమ్మ అల్లిందనే మా నాన్న చెప్పేవారండీ," అంది. "మాకు అంతకన్నా తెలీదు. మీరు అల్లిందైతే చెప్పండి, నేనేం అనుకోను."

మాటలు మెత్తగానే ఉన్నాయి. కానీ ఆ నుదురు, ఆ కనుబొమ్మలు వెనక గోడమీద ఫొటోలో ఉన్నవే. అమ్మ ఒకసారి గోడవైపు చూసింది, ఒకసారి మనవరాలి వైపు చూసింది. వీపు వంగింది. గుడ్డసంచీ గుండెకి అదుముకుంది. ఎనభై నాలుగేళ్ళ మనిషి, చూస్తుండగానే పంతొమ్మిదేళ్ళ పిల్లయిపోయింది.

"నాది కాదమ్మగారూ," అంది.

"అమ్మా!" అంది సూదులక్క.

"నాది కాదు. నేను చూడనుకూడా లేదు. అమ్మగారిదే."

"సరిగ్గా చూడు అమ్మా. ఆ ఆకులు చూడు..."

"కాదంటున్నానా! పద, ఇంటికి పోదాం."

ఆఫీసరమ్మ చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది. మనవరాలు, "ఫరవాలేదండీ, ఫరవాలేదు," అంటూ పక్కకి తప్పుకుంది. ఎవరో దగ్గారు. ఇంతమందిలో సూదులక్క అబద్ధాలకోరైపోయింది, అది సరే. అమ్మ చేతులారా తన పేరు చెరిపేసుకుంది, అదే భరించరానిది.

తలుపు దగ్గర కాపలాదారు ఉన్నాడు. అమ్మ అతని ముందు ఆగింది. సంచీ పిడులు రెండూ విడదీసి చూపించింది.

"చూసుకో నాయనా. ఏమీ లేదు."

అతను తెల్లబోయాడు. సూదులక్క అయిదారడుగుల వెనక నిలబడిపోయింది. ఆ గుడ్డసంచీని ఆమె పుట్టిన దగ్గర్నుంచీ చూస్తోంది. పెళ్ళిళ్ళలో, ఆస్పత్రుల్లో, ఉప్పు కొట్టు దగ్గర. మొట్టమొదట ఏ గుమ్మం దగ్గర, ఎవరి ముందు ఆ సంచీ తెరవాల్సొచ్చిందో ఆమెకి ఇప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ తను సిగ్గుపడింది దీనికా?

తిరుగు బండి ఖాళీగా ఉంది. తల్లీకూతుళ్ళు ఎదురెదురుగా కూర్చున్నారు. మూడు స్టేషన్లు పోయాయి. సూదులక్క అలవాటుగా డబ్బా తీసింది, ఏమీ అల్లకుండా ఒళ్ళో పెట్టుకుంది. అమ్మ కిటికీలోంచి చూస్తోంది కానీ ఏమీ చూడటం లేదు.

వంతెన వచ్చింది. అప్పుడు అమ్మ, చూపు తిప్పకుండానే అంది:

"బొమ్మదానిలో కూడా ఆ కన్నం వదిలేశావేంటే?"

సూదులక్క తలెత్తింది.

"నాలుగో ఆకులో," అంది అమ్మ. "అసలుదానిలో తప్పిందని నువ్వు కూడా తప్పిస్తావా? చక్కగా అయిదూ వేసుంటే పోయేదిగా."

"వేశానమ్మా ముందు," అంది. "మళ్ళీ విప్పి తీసేశాను. నీది ఎలా ఉంటే అలాగే ఉండాలనిపించింది."

అమ్మ తల ఊపింది. ఎవరికో సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్టు మెల్లగా చెప్పింది.

"ఆ ఆకు అల్లుతుంటేనే గంట కొట్టింది ఆ ఇంటావిడ. పైనుంచి కొడితే వంటింట్లో మోగేది. రెండోసారి కొట్టించుకోకూడదు. మూడు కన్నాలయ్యాయో నాలుగయ్యాయో చూసుకోకుండా పరిగెత్తాను. తిరిగొచ్చి అల్లుకుపోయాను. అంతా అయ్యాక చూస్తే అది కనబడింది. ప్రాణం ఉసూరుమంది. ఊలు నేనే కొనుక్కున్నానే, ఆరు నెలలు కూడబెట్టి. ఆదివారం తీరిగ్గా విప్పి సరిచేద్దామని పెట్టెలో పెట్టాను."

"తర్వాత?"

"శనివారం నా పెట్టె వెతికించారు. పనిదానికి ఇంత మంచి శాలువా ఎక్కడిదంది ఆవిడ. నేనే అల్లుకున్నానన్నాను. అందరూ నవ్వారు. నాది, నాది అని ఎన్నిసార్లు అన్నానో! అన్నకొద్దీ దొంగనైపోయాను." అమ్మ వేళ్ళు సంచీ పిడిని మెలిపెడుతున్నాయి. "శాలువా లాక్కుని, గుమ్మం దగ్గర సంచీ కూడా బోర్లించి చూసి పంపించారు. ఇవాళ మళ్ళీ ఆ మాట నోటిదాకా వచ్చిందే. రాలేదు. ఏం చెయ్యను? నిన్ను అందరిముందూ చిన్నబుచ్చాను."

సూదులక్క లేచి వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. భుజానికి భుజం ఆనించి, ఒకప్పుడు ఆ ఒళ్ళో కూర్చున్నట్టే దగ్గరగా. ఇద్దరూ ఏడ్చారు. ఏడుపు దాచుకోవాల్సిన అవసరం అక్కడ ఎవరికీ లేదు.

"వచ్చేవారం మళ్ళీ వెళ్దామా? ఆఫీసరమ్మ వింటుంది," అంది కొంతసేపటికి.

"ఒద్దులే. అంతమంది చూసే దానిలో తప్పుంది. ఆ తప్పు ఆవిడ పేరు మీదే ఉండనీ." అమ్మ ముక్కు తుడుచుకుంది. ఏడుపులోనే కాస్త నవ్వింది. ఆ తర్వాత డబ్బా వైపు చూసింది. "ఊదా ఊలు ఏమైనా మిగిలిందా?"

మిగిలింది. అమ్మ వాచిన వేళ్ళకి ఆ సూదులు చిక్కలేదు. రెండుసార్లు జారి కిందపడ్డాయి, కూతురు వంగి తీసిచ్చింది. కుట్లు సూది మీదకి ఎక్కించిపెట్టింది. మూడోసారికి ఎడమచెయ్యి తన దారి తను పట్టుకుంది. బండి కుదుపుతోంది, కొన్ని కుట్లు వదులు, కొన్ని బిగువు. అమ్మ పెదాలు కదులుతున్నాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అక్కడ ఆగి, తలెత్తి ఒకసారి చుట్టూ చూసింది. తర్వాత అయిదోది వేసింది.

గోరంత ఆకు. ఎడమకి వాలింది.

"ఆ వంటింట్లో పిల్ల మీద ఏమీ లేదుగా," అంది. "దీన్ని పూర్తిచేసి దానికి కప్పు. ఎవరైనా అడిగితే..." ఏం చెప్పాలో తోచక ఆపేసి, సూదులతో సహా అల్లికని జేబురుమాల్లో చుట్టి తన సంచీలో పెట్టుకుంది.

స్టేషను వచ్చింది. తలుపు దగ్గర బట్టతలాయన చెయ్యి అందించడానికి నిలబడి ఉన్నాడు. అమ్మ అతని దాకా వచ్చి ఆగింది. అలవాటు ఎక్కడికి పోతుంది! చంకలోంచి సంచీ తీసింది. రెండు పిడులూ విడదీసింది.

"చూసుకో నా..."

సూదులక్క వెనకనుంచి చెయ్యి చాపి, ఆ రెండు పిడులూ దగ్గరికి తెచ్చి, అమ్మ గుప్పిట్లో పెట్టి గుప్పిట మూసింది.

"ముయ్యమ్మా," అంది. "అందులో ఉన్నది నీదే."

అమ్మ కూతురి మొహంలోకి చూసింది. సంచీ వైపు చూసుకుంది. మూసిన సంచీని చంకలో పెట్టుకుని, ఒక్కో మెట్టే దిగింది.